యాంటీడిప్రెసెంట్ మారుస్తున్నారా? విత్‌డ్రాయల్ ఇబ్బంది తక్కువగా ఉండే దారిని ఎంచుకోవడం ఎలా

మందు పూర్తిగా మానేయడం వేరు, ఒక మందు నుంచి ఇంకో మందుకు మారడం వేరు. మానేసేటప్పుడు తల తిరిగినా, నిద్ర పట్టకపోయినా అనుమానించాల్సినవి ముఖ్యంగా రెండు: ఒంట్లో మందు తగ్గడం, లేదా జబ్బు తిరగబెట్టడం. మారేటప్పుడు వీటికి ఇంకో రెండు తోడవుతాయి. అది కొత్త మందు సైడ్ ఎఫెక్ట్ కావచ్చు. పాతదీ కొత్తదీ కలిసి ఎక్కువై ఉండొచ్చు. ఈ నాలుగింటికీ చేయాల్సింది ఒకటి కాదు. ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేస్తే ఇబ్బంది ముదురుతుంది.

ఈ విషయంపై దొరికే సలహాల్లో ఎక్కువ భాగం మందు మానేసేవాళ్ల కోసం రాసినవే. ఎంత నెమ్మదిగా తగ్గిస్తే అంత మంచిదని అవి చెబుతాయి. మారేవాళ్ల విషయంలో అది సగమే నిజం. కొన్ని మార్పుల్లో నెలల తరబడి సాగదీయడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. కొన్ని మార్పుల్లో రెండు మందులూ ఒక్కరోజు కూడా కలవకూడదు. కాబట్టి ఎన్ని వారాల్లో మారాలి అనే లెక్క తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది, పాత మందు చేస్తున్న పనిని కొత్త మందు అందుకుంటుందా లేదా అన్నది. దీనికి జవాబు తెలిస్తే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ఇది చదివి ఇంట్లోనే డోసులు మార్చుకోమని కాదు. డాక్టర్ ఒక పద్ధతి చెప్పినప్పుడు అదెందుకో అర్థం కావడానికి, అర్థం కాకపోతే ఏమడగాలో తెలియడానికి పనికొస్తుంది.

విత్‌డ్రాయల్ ఎందుకు వస్తుంది, ఏ మందుకు ఎక్కువ

సెర్ట్రాలిన్, ఎసిటలోప్రామ్, పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు. నరాల కణాలు విడుదల చేసిన సెరటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి లోపలికి లాక్కోకుండా ఇవి అడ్డుపడతాయి. నెలలపాటు అలా ఉంటే మెదడు ఆ స్థితికి అలవాటు పడి తన పనితీరును దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఆ అడ్డు ఒక్కసారిగా పోతే మళ్లీ సర్దుకోవడానికి సమయం కావాలి. ఆ మధ్యకాలంలో వచ్చేవే విత్‌డ్రాయల్ లక్షణాలు: తల తిరగడం, వికారం, ఫ్లూ వచ్చినట్టు ఒళ్లు నొప్పులు, చెమటలు, పీడకలలు, చిరాకు, ఊరికే కన్నీళ్లు రావడం, కళ్లు పక్కకు తిప్పినప్పుడు తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం. ఈ చివరిదాన్ని బ్రెయిన్ జాప్ అంటారు. భయపెట్టేలా ఉంటుంది కానీ దానివల్ల మెదడు దెబ్బతింటుందనడానికి ఆధారం లేదు. ఇది వ్యసనమూ కాదు. వ్యసనంలో మందు కోసం మనసు పీకుతుంది, డోసు పెంచుకుంటూ పోవాలనిపిస్తుంది. ఇక్కడ ఆ రెండూ ఉండవు.

అందరికీ వస్తుందా అంటే, రాదు. 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం యాంటీడిప్రెసెంట్ ఆపినవాళ్లలో దాదాపు 31 శాతం మంది ఏదో ఒక లక్షణం ఉందన్నారు. ఉత్తుత్తి మాత్ర ఆపినవాళ్లలో కూడా 17 శాతం మంది అదే మాట అన్నారు. ఆ తేడాను బట్టి, నిజంగా మందు వల్ల ఇబ్బంది పడేవాళ్లు ఆరేడుగురిలో ఒకరని, తీవ్రంగా పడేవాళ్లు సుమారు 35 మందిలో ఒకరని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. ఏళ్ల తరబడి మందు వాడినవాళ్ల ఇబ్బందిని ఈ అంకె తక్కువ చేసి చూపిస్తోందన్న విమర్శ కూడా ఉంది, అది తోసిపుచ్చాల్సింది కాదు. పదేళ్లుగా పారాక్సెటిన్ వాడుతున్న మనిషి ఈ సగటు చూసి ధీమాగా ఉండకూడదు. ఆరు నెలలుగా సెర్ట్రాలిన్ వాడుతున్న మనిషి భయంకరమైన అనుభవాలు చదివి బెంబేలెత్తిపోనూ అక్కర్లేదు.

మందును బట్టి తేడా బాగా ఉంటుంది. రక్తంలో మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని హాఫ్ లైఫ్ అంటారు. వెన్లాఫాక్సిన్‌కు అది సుమారు 5 గంటలు, ఒంట్లో అది మారి తయారయ్యే చురుకైన పదార్థానికి 11 గంటలు. డులాక్సెటిన్‌కు 12 గంటలు. పారాక్సెటిన్‌కు ఒక రోజు లోపే. సెర్ట్రాలిన్, ఎసిటలోప్రామ్‌లకు ఒక రోజుకు కాస్త పైన. ఫ్లూఆక్సెటిన్ మాత్రం పూర్తిగా వేరు: కొంతకాలం వాడాక దానికి 4 నుంచి 6 రోజులు, దాని నుంచి తయారయ్యే నార్‌ఫ్లూఆక్సెటిన్‌కు రెండు వారాల దాకా పట్టొచ్చు. వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్ వాడేవాళ్లలో కొందరికి ఒక్క డోసు మరిచిపోయినా సాయంత్రానికల్లా తేడా తెలుస్తుంది. ఫ్లూఆక్సెటిన్ వాడేవాళ్లకు వారం గడిచినా తెలియకపోవచ్చు. మీకు గతంలో డోసు తప్పినప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. ఏ సగటు అంకె కన్నా అదే మీ విషయంలో మంచి సూచన, డాక్టరుకు తప్పక చెప్పాల్సిన విషయం కూడా.

మొదటి దారి: ఈరోజు పాతది, రేపటి నుంచి కొత్తది

ఒక ఎస్‌ఎస్‌ఆర్‌ఐ నుంచి ఇంకో ఎస్‌ఎస్‌ఆర్‌ఐకి వెళ్లేటప్పుడు చాలామందికి ఇదే సరిపోతుంది. సెర్ట్రాలిన్ చివరి మాత్ర ఇవాళ వేసుకుని, రేపు అదే వేళకు ఎసిటలోప్రామ్ మొదలుపెట్టడం అన్నమాట. రెండూ ఒకే పని చేస్తాయి కాబట్టి కొత్తది రాగానే పాతది వదిలిన చోటును అందుకుంటుంది. పాత మందును మిల్లీగ్రాము మిల్లీగ్రాము చొప్పున నెలలు తగ్గించాల్సిన పని సాధారణంగా ఉండదు. పాతది ఎక్కువ డోసులో ఉంటే ముందు కొంత దించి ఆ తర్వాత మారుస్తారు.

చిక్కు డోసులో వస్తుంది. సుమారుగా చూస్తే 50 మిల్లీగ్రాముల సెర్ట్రాలిన్, 20 మిల్లీగ్రాముల ఫ్లూఆక్సెటిన్, 10 మిల్లీగ్రాముల ఎసిటలోప్రామ్ ఒకే స్థాయి. 200 మిల్లీగ్రాముల సెర్ట్రాలిన్ మీద ఉన్న మనిషిని మర్నాడు 5 మిల్లీగ్రాముల ఎసిటలోప్రామ్‌కు దించితే, కాగితం మీద అది మందు మార్పే అయినా ఒంటికి మాత్రం పెద్ద కోత. అప్పుడు వచ్చే వికారాన్ని కొత్త మందు పడలేదని కొట్టిపారేస్తే పాపం ఆ మందుకు అవకాశమే దక్కదు.

ఎస్‌ఎస్‌ఆర్‌ఐ నుంచి వెన్లాఫాక్సిన్, డులాక్సెటిన్‌లకు వెళ్లడం కూడా చాలావరకు ఇలాగే కుదురుతుంది, ఎందుకంటే అవి సెరటోనిన్‌ మీద కూడా పనిచేస్తాయి. వెనక్కి రావడం అంత తేలిక కాదు. వెన్లాఫాక్సిన్ తక్కువ డోసులో ప్రధానంగా సెరటోనిన్ మీద, ఎక్కువ డోసులో నార్‌ఎడ్రినలిన్ అనే మరో మెదడు రసాయనం మీద కూడా పనిచేస్తుంది. పెద్ద డోసు నుంచి ఎస్‌ఎస్‌ఆర్‌ఐకి మారితే రెండో భాగాన్ని అందుకునేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే అక్కడ కాస్త నెమ్మదిగా దిగడం నయం. పారాక్సెటిన్‌కు ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనాన్ని అణిచే గుణం కూడా కొంత ఉంది. మరో ఎస్‌ఎస్‌ఆర్‌ఐకి మారినా ఆ కాస్త లోటు తెలియవచ్చు.

ఫ్లూఆక్సెటిన్ నుంచి బయటికి వచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. అది తనంతట తానే నెమ్మదిగా దిగుతుంది, కాబట్టి లోటు కన్నా ఎక్కువవడమే అక్కడ సమస్య. ఆపాక కొన్ని రోజులు ఆగి, సాధారణంగా 4 నుంచి 7 రోజులు, కొత్తదాన్ని తక్కువ డోసుతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. ఆ ఖాళీ రోజులు చూసి కంగారు పడకండి, మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

రెండో దారి: ఒకటి దించుతూ ఇంకోటి పెంచడం

దీన్ని క్రాస్ టేపర్ అంటారు. కొత్త మందు పాతదాని పనిని అందుకోనప్పుడు ఇది అవసరం. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ నుంచి మిర్టాజపిన్‌కు మారడం దీనికి సరైన ఉదాహరణ. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడేనని నాకనిపిస్తుంది కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

మిర్టాజపిన్ మంచి మందే. నిద్ర పట్టిస్తుంది, ఆకలి పెంచుతుంది. కానీ సెరటోనిన్‌ను వెనక్కి లాక్కోకుండా ఆపే పని అది చేయదు. దాని దారి వేరు. పారాక్సెటిన్ ఆపి మర్నాడు మిర్టాజపిన్ మొదలుపెడితే, పారాక్సెటిన్ విషయంలో మీరు మందు పూర్తిగా మానేసినట్టే లెక్క. రెండు మూడు రోజుల్లో తల తిరగడం, బ్రెయిన్ జాప్స్, చిరాకు మొదలవుతాయి. రాత్రి మాత్రం బాగా నిద్ర పడుతూ ఉంటుంది కనుక విత్‌డ్రాయల్ అయితే నిద్ర ఎలా పడుతుందన్న అనుమానం వస్తుంది. చివరికి నింద కొత్త మందు మీద పడుతుంది, దాన్నీ ఆపేస్తారు. ఇప్పుడు చేతిలో రెండు మందులూ లేవు, విత్‌డ్రాయల్ మాత్రం కొనసాగుతోంది, డిప్రెషన్‌కు అడ్డూ లేదు. బుప్రోపియాన్‌కు, అగోమెలాటిన్‌కు మారేటప్పుడూ ఇదే కథ. బుప్రోపియాన్ సెరటోనిన్ జోలికే పోదు. పైగా దానికి మిర్టాజపిన్‌లా నిద్ర పట్టించే గుణం లేదు, కొందరికి ఉన్న నిద్రనూ చెడగొడుతుంది.

ఇలాంటి మార్పుల్లో పాతదాన్ని అంచెలంచెలుగా దించుతూ, అదే సమయంలో కొత్తదాన్ని చిన్న డోసుతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లాలి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఏళ్ల తరబడి వాడినవాళ్లకు, డోసు తప్పితే తట్టుకోలేనివాళ్లకు ఇంకా ఎక్కువ. కొత్త మందు పూర్తి డోసుకు చేరిందన్న ఒక్క కారణంతో పాతదాని చివరి మెట్టును తొందరగా ముగించకూడదు. రెండింటి గడియారాలూ వేరు.

దీనికి ఖర్చు కూడా ఉంది. కొన్నాళ్లు రెండు మందుల సైడ్ ఎఫెక్ట్స్ భరించాలి. ఏ రోజు ఏది ఎంత అన్నది గుర్తుంచుకోవాలి, కాబట్టి డాక్టరు చేత తేదీలతో సహా రాయించుకోవడం తప్పనిసరి. అన్నిటికన్నా ముఖ్యంగా, అన్ని జంటలూ కలవవు. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్‌లు కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్‌ను గట్టిగా అడ్డుకుంటాయి. అమిట్రిప్టిలిన్ లాంటి పాతతరం ట్రైసైక్లిక్ మందులు విరగడానికి అదే కావాలి. రెండూ కలిస్తే ట్రైసైక్లిక్ రక్తంలో పేరుకుపోయి గుండె లయ మీద ప్రభావం చూపవచ్చు. ఫ్లూవాక్సమిన్ అనే మరో ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో అగోమెలాటిన్, డులాక్సెటిన్ కలపకూడదు. క్లోమిప్రమిన్ అనే ట్రైసైక్లిక్‌ను ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో గానీ వెన్లాఫాక్సిన్‌తో గానీ ఇలా కలిపి మార్చడం మంచిది కాదు. బుప్రోపియాన్ కూడా సీవైపీ2డీ6ను అడ్డుకుంటుంది, పైగా ఫిట్స్ అవకాశాన్ని పెంచుతుంది. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు, తిండికి సంబంధించిన అనొరెక్సియా, బులీమియా ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

మూడో దారి: పాతది పూర్తిగా దించాక కొత్తది

రెండు మందులు కలిసే ప్రమాదం అన్నిటికన్నా తక్కువగా ఉండేది ఇందులో. ఏ లక్షణం ఎందుకొచ్చిందో చెప్పడమూ తేలిక, ఎందుకంటే ఒక సమయంలో ఒక్కటే మారుతుంది. కానీ విత్‌డ్రాయల్ విషయంలో మాత్రం మిగతా దారుల కన్నా ఇదే కష్టం. అందుకునే మందు లేకుండా చివరిదాకా దిగాలి, ఆ తర్వాత కొత్తది పనిచేయడానికి ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు వేచి ఉండాలి. డిప్రెషన్ ఇంకా తీవ్రంగా ఉన్న మనిషికి ఇది నేను ఇష్టపడే దారి కాదు. పాత మందు పడక ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, సోడియం పడిపోయినా, రెండు మందులూ కలవకూడని జంట అయినా తప్పదు. ప్రస్తుతం పరిస్థితి బాగానే ఉండి, సైడ్ ఎఫెక్ట్స్ కోసమే మారుతున్నవాళ్లకు కూడా ఇది కుదరవచ్చు.

నాలుగో దారి: మధ్యలో ఖాళీ

ఫెనెల్‌జిన్, ట్రానైల్‌సిప్రోమిన్ లాంటి ఎంఏఓ ఇన్హిబిటర్లు (సెరటోనిన్ లాంటి రసాయనాలను విరిచే ఎంజైమ్‌ను అడ్డుకునే మందులు) ఇప్పుడు తక్కువగా వాడుతున్నారు. కానీ వాటికి మారినా, వాటి నుంచి మారినా బేరాలు లేవు. చాలా యాంటీడిప్రెసెంట్‌లకు 14 రోజుల ఖాళీ, ఫ్లూఆక్సెటిన్ ఆపాక ఎంఏఓ ఇన్హిబిటర్ మొదలుపెట్టాలంటే 5 వారాలు. అదే కోవకు చెందిన మోక్లోబెమైడ్ ఆపాక మాత్రం 24 గంటలు చాలు. ఆ రోజుల్లో విత్‌డ్రాయల్ ఎంత ఇబ్బంది పెట్టినా కొత్తదాన్ని ముందుకు జరపకూడదు, ఎందుకంటే అవతల ఉన్నది సెరటోనిన్ మరీ ఎక్కువై వచ్చే, ప్రాణాంతకం కాగల సెరటోనిన్ సిండ్రోమ్. అందుకే పాతదాన్ని ముందు నుంచే మెల్లగా దించుకుని రావాలి. నెమ్మదించడం అన్న సలహా పూర్తిగా విలువ చేసేది ఇక్కడే. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ కూడా ఇదే కోవలో పనిచేస్తుందని చాలామందికి తెలియదు. ఇన్ఫెక్షన్ కోసం వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీ డిప్రెషన్ మందు పేరు దాచకండి.

మధ్యలో ఫ్లూఆక్సెటిన్ మెట్టు

ఇది ఐదో దారి అనలేం, పై వాటిలో ఇరుక్కుపోయినవాళ్లకు ఒక ఉపాయం. వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్ నుంచి ఎంత దించినా తట్టుకోలేకపోతే కొందరు సైకియాట్రిస్టులు ముందు ఫ్లూఆక్సెటిన్‌కు మార్చి, తర్వాత దాన్ని ఆపుతారు. అది నిదానంగా ఒంట్లోంచి వెళ్తుంది కనుక దిగడం సాఫీగా ఉంటుంది. అయితే వెన్లాఫాక్సిన్‌లోని నార్‌ఎడ్రినలిన్ భాగాన్ని ఇది అందుకోదు. తర్వాత మీరు వెళ్లబోయేది ట్రైసైక్లిక్ అయితే ఫ్లూఆక్సెటిన్ వారాల పాటు దారికి అడ్డుగా ఉంటుంది. గమ్యం ఏదో తేలకుండా ఈ మెట్టు ఎక్కకపోవడం మంచిది.

ఎంత చిన్న మెట్లు?

కొత్త మందు పాతదాని పనిని అందుకోని మార్పుల్లోనే ఈ ప్రశ్నకు బరువు. 2019లో హొరోవిట్జ్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ సైకియాట్రీలో ఒక విషయం ముందుకు తెచ్చారు. డోసు సగానికి తగ్గిస్తే మెదడు మీద ప్రభావం సగానికి తగ్గదు. సిటలోప్రామ్ అనే ఎస్‌ఎస్‌ఆర్‌ఐనే తీసుకుంటే, 60 మిల్లీగ్రాముల దగ్గర సెరటోనిన్‌ను వెనక్కి లాగే ద్వారాల్లో దాదాపు 88 శాతం మూసుకుని ఉంటాయి. 20 దగ్గర కూడా 80 శాతం. 9 దగ్గర 70, 5 చిల్లర దగ్గర 60, 3 చిల్లర దగ్గర 50. అంటే 60 నుంచి 20కి రావడం చిన్న దిగుడు, 5 నుంచి సున్నాకు రావడం పెద్ద గెంతు. పెద్ద డోసుల దగ్గర తేలిగ్గా దిగినవాళ్లు చివరి మాత్ర దగ్గర చతికిలబడడానికి కారణం ఇదే. వాళ్ల మనోబలం తగ్గిపోయి కాదు.

అందువల్ల మొదటి కోతలు పెద్దవిగా, చివరివి చిన్నవిగా ఉండాలి. ఇది చెప్పినంత సులువు కాదు, ఎందుకంటే మాత్రలు అంత చిన్న డోసుల్లో దొరకవు. కొన్ని మందులు ద్రవరూపంలో, చుక్కల మందుగా ఉంటాయి, వాటితో సిరంజీ సాయంతో కొలవొచ్చు. గీత ఉన్న మామూలు మాత్రను సగం చేయొచ్చు. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు, పారాక్సెటిన్ సీఆర్ లాంటివి, నలపకూడదు, నమలకూడదు. డులాక్సెటిన్ క్యాప్సూల్ లోపలి పూసలకు కడుపులోని యాసిడ్ నుంచి కాపాడే పూత ఉంటుంది, వాటిని దంచితే మందు పాడవుతుంది. ఏ మందును ఎలా విడదీయొచ్చో ఫార్మసిస్టును అడగడం మేలు.

రోజు విడిచి రోజు వేసుకోవడం అనే పాత చిట్కా ఒకటి ఉంది. ఫ్లూఆక్సెటిన్‌కు అది పనికొస్తుంది. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లకు అది రోజు విడిచి రోజు విత్‌డ్రాయల్ తెచ్చుకోవడమే.

లక్షణం వచ్చింది: ఇప్పుడేం చేయాలి?

ముందు తేదీలు చూడండి. పాత డోసు తగ్గించిన రెండు నుంచి నాలుగు రోజుల్లో మొదలై, బ్రెయిన్ జాప్స్, తల తిరగడం లాంటి కొత్త లక్షణాలు ఉంటే విత్‌డ్రాయల్ అనుకోవచ్చు. డిప్రెషన్‌లో మీకు ఎప్పుడూ కరెంటు కొట్టినట్టు ఉండేది కాదు కదా. కొత్త మందు మొదలుపెట్టిన లేదా పెంచిన వెంటనే వికారం, తలనొప్పి, లోపల కుదురు లేకపోవడం వచ్చి, పాత డోసు మాత్రం కదలకుండా ఉంటే అది కొత్తదాని పని. ఇది ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. జబ్బు తిరగబెట్టేటప్పుడు సాధారణంగా మెల్లగా, వారాల మీద వస్తుంది: ఆసక్తి పోవడం, పొద్దున్నే లేవలేకపోవడం, మీకు పాతగా తెలిసిన ఆలోచనలు. రెండు మందులూ కలిసి ఎక్కువైతే చేతులు వణకడం, విపరీతమైన చెమటలు, విరేచనాలు, గుండె దడ, కండరాలు ఎగిరిపడటం గంటల్లోనే కనిపిస్తాయి.

ఈ తేడా పట్టుకోవాలంటే ఒకే రోజున రెండు మందుల డోసులూ మార్చకుండా, నాలుగైదు రోజులు ఎడం పెట్టి మార్చేలా కుదురుతుందా అని డాక్టరును అడగండి. అన్నిసార్లూ కుదరదు కానీ కుదిరినప్పుడు సందేహాలు చాలా తీరతాయి. రోజుకు రెండు లైన్లు రాసి పెట్టుకుంటే చాలు: ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు, ఏమనిపించింది.

విత్‌డ్రాయలే అని తేలితే ముందున్న మార్గాలు మూడు. తేలికగా ఉంటే ఆ మెట్టు మీదే ఆగి చూడటం. చాలామందికి రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతుంది, కొందరికి మాత్రం నెలలు పడుతుంది. పనులు చేసుకోలేనంతగా ఉంటే ముందరి మెట్టుకు తిరిగి వెళ్లడం. విత్‌డ్రాయల్ అయితే సాధారణంగా రెండు మూడు రోజుల్లోనే తేలికపడుతుంది, అది రోగనిర్ధారణకూ పనికొస్తుంది. వెనక్కి వెళ్లడం ఓటమి కాదు, అక్కడ కొంతకాలం కుదురుకుని ఇంకా చిన్న మెట్టుతో మళ్లీ దిగొచ్చు. మూడోది, లక్షణానికి విడిగా మందు వాడటం: వికారానికి, నిద్రకు కొద్ది రోజులు. దీన్ని నేను చివర పెడతాను. నిద్రకు ఇచ్చే బెంజోడయజెపిన్ల నుంచి బయటపడటం మరో పెద్ద పని, మందు మార్పు పేరుతో దాన్ని తెచ్చుకోవడం ఎందుకు?

కొత్తదాని సైడ్ ఎఫెక్ట్ అని తేలితే పాతదాన్ని పెంచడం తప్పు. కొత్తదాని డోసు పెంచడం నెమ్మదించాలి, లేదా వేసుకునే వేళ మార్చాలి. జబ్బే తిరగబెడుతుంటే ఓపిక పట్టమని చెప్పడం సరికాదు, అపాయింట్‌మెంట్ ముందుకు జరుపుకోవాలి. 2021లో వచ్చిన యాంట్లర్ అనే బ్రిటన్ పరీక్షలో, బాగానే ఉన్న 478 మందిని ఏడాది పాటు చూశారు. మందు కొనసాగించినవాళ్లలో 39 శాతం మందికి, ఆపినవాళ్లలో 56 శాతం మందికి డిప్రెషన్ తిరగబెట్టింది. ఖాళీ ఎక్కువైతే జబ్బు ఊరుకోదనడానికి అది గుర్తు.

ఈ వారాల్లో ఇంట్లో

మందు ప్రతిరోజూ ఒకే వేళకు. వికారం ఉంటే ఏదైనా తిన్నాక. తల తిరుగుతుంటే మంచం మీంచి ఒక్కసారిగా లేవొద్దు, బండి నడపొద్దు. మద్యం ఈ వారాల్లో అసలు వద్దు, కాఫీ సాయంత్రం తర్వాత వద్దు. దగ్గు సిరప్‌లలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్, మూలిక అని అమ్మే సెయింట్ జాన్స్ వర్ట్, ఈ మూడూ సెరటోనిన్‌ను పెంచుతాయి. డాక్టరును అడగకుండా వాడకూడదు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో పాటు ఐబూప్రొఫెన్ తరచూ వాడితే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది, కాబట్టి ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ మేలు.

పరీక్షలు, కొత్త ఉద్యోగం, ప్రయాణం ఉన్న నెలలో మార్పు పెట్టుకోకుండా ఉండగలిగితే బాగుంటుంది. ఇంట్లో ఒకరికి విషయం చెప్పి ఉంచండి. చిరాకు, కోపం పెరగడం ముందుగా పక్కవాళ్లకే తెలుస్తుంది. కారణం తెలిస్తే వాళ్లకూ టెన్షన్ తగ్గుతుంది.

కొందరికి సాధారణ లెక్కలు వర్తించవు. గర్భిణులు, వయసు మళ్లినవాళ్లు, ఎప్పుడైనా మేనియా వచ్చినవాళ్లు, రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్లు డాక్టరుకు అన్నీ చెప్పాకే మార్పు మొదలుపెట్టాలి. పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్, బుప్రోపియాన్ టామాక్సిఫెన్ పనిని తగ్గించగలవు. 25 ఏళ్ల లోపు వాళ్లలో కొత్త మందు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందుల సమాచార పత్రాల్లో గడి కట్టి మరీ హెచ్చరిక రాయిస్తోంది. మొదటి వారాల్లో వాళ్లను ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి.

చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినా, కూర్చోనివ్వని భరించలేని అలజడి ఉన్నా, నిద్ర లేకుండా ఉత్సాహం ఉప్పొంగుతున్నా అదే రోజు డాక్టరును గానీ, మీ ప్రాంతపు హెల్ప్‌లైన్‌ను గానీ పట్టుకోవాలి. ఫిట్స్ వచ్చినా, జ్వరంతో పాటు కండరాలు బిగుసుకుపోయి మాట తికమకగా ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. అప్పుడు రెండు మందుల పట్టీలూ వెంట తీసుకెళ్లండి.

కొత్త మందు కుదరక పాతదానికే తిరిగి వెళ్లాలని తేలడమూ జరుగుతుంది. అప్పుడు చాలామంది అల్మరాలో మిగిలిన పట్టీ తీసి పాత డోసు దగ్గరే మొదలుపెడతారు. ఆపి కొన్ని రోజులే అయితే అలా కుదరవచ్చు, వారాలు గడిస్తే ఒంటికి ఆ డోసు మళ్లీ కొత్తదే, కింది నుంచి ఎక్కాలి. కొత్త మందు ఒంట్లో ఇంకా ఉంటే ఇదీ ఒక మార్పే, మొదట వేసిన ప్రశ్నలన్నీ మళ్లీ వేయాలి. ఈలోగా మిగిలిన మాత్రలను, ముఖ్యంగా ఎక్కువ మింగితే ప్రాణం తీసే ట్రైసైక్లిక్‌లను, మీరు నమ్మే మరొకరి దగ్గర ఉంచండి.